వెనక నుంచి కట్టిన ముడి

నా దుకాణంలో ఎలుకల మందు నుంచి పత్తి విత్తనాల దాకా అన్నీ దొరుకుతాయి. దెయ్యాల ముచ్చట మాత్రం నా కౌంటర్ దగ్గర చెల్లదు. ఆత్మకూరులో ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారం చేస్తున్నాను. గాలి సోకిందని, ఎవరో ఏదో చేశారని చెప్పుకుంటూ వచ్చినవాళ్లను ముందు దవాఖానకు పొమ్మని ఆటో ఎక్కించినవాణ్ని. అలాంటి నేను ఇది రాస్తున్నాను కాబట్టి, నేను చూసింది చూసినట్టు, నా భార్య చెప్పింది చెప్పినట్టు రాస్తాను. కలిపేదేమీ లేదు.

మా దగ్గర విత్తనాల కంపెనీలు, బాగా అమ్మిన డీలర్లను ఎక్కడో ఒకచోటికి తిప్పుకొస్తుంటాయి. ఆ ఏడు ముంబై నుంచి లక్షద్వీప్‌కు ఓడ ప్రయాణం పెట్టారు. భార్యాభర్తలిద్దరికీ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపుల నుంచి పదకొండు జంటలం బయల్దేరాం. అందరికీ అది సరదా ప్రయాణం. నాకు మాత్రం వేరే ఆశ ఉంది. అది చెప్పాలంటే మా మామ గురించి చెప్పాలి.

నా భార్య పద్మ వాళ్ల నాన్న బాలయ్య, కృష్ణా నది మీద పుట్టి పడవ నడిపేవాడు. వెదురుతో అల్లిన ఆ గుండ్రటి పడవలో మనుషులను, మేకలను, సైకిళ్లను గద్వాల వైపు ఒడ్డుకు దాటించేవాడు. నీళ్లు ఎక్కువున్నప్పుడు, ఈత రానివాళ్ల నడుముకు రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టందే ఎక్కనిచ్చేవాడు కాదు. ముడి ఎప్పుడూ వీపు వైపే. మోకాలు నడుముకు ఆనించి, రెండు కొసలూ గుంజి, మూడు చుట్లు తిప్పి, కొసలు కనపడకుండా లోపలికి దోపేసేవాడు.

పెళ్లయిన కొత్తలో నాకూ కట్టాడు. ముందుకు కట్టొచ్చు కదా మామా అని అడిగాను.

"నీళ్లల్ల భయపడ్డోడు ముందుగాల ముడే ఇప్పుకుంటడు అల్లుడా. ఎనకకుంటే చెయ్యి అందదు."

అవతలి ఒడ్డున ఆయన విప్పేదాకా అది నా వల్ల కాలేదు. ఆ ముడి ఆయన ఎవరికీ నేర్పలేదు, కూతురికి కూడా. పుట్టి నడిపేవాడి బిడ్డయినా పద్మకు ఈత రాదు.

ఆ ప్రయాణానికి ముందు విత్తనాల సీజన్లో ఒక పొద్దున వాళ్ల ఊరి నుంచి ఫోన్ వచ్చింది. దుకాణం ముందు రైతులు బారులు తీరి ఉన్నారు. "నాయనకు బాగలేదంట, పోయొస్త" అంది పద్మ. ఆమె వెళ్తే ప్యాకెట్లు అందించే మనిషి లేడు. సాయంత్రం ఇద్దరం పోదాంలే అన్నాను. మేం వెళ్లేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు.

పద్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. వండింది, పెట్టింది, దుకాణంలో కూర్చుంది, కానీ ఆ రోజు నుంచి నన్ను ఏదీ అడగడం మానేసింది. సబ్బు అయిపోయినా తనే వెళ్లి తెచ్చుకునేది. పిలిస్తే పలుకుతుంది, అంతే. తప్పు నాదని నాకు తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఓడలో నాలుగు రోజులుంటే ఆమె మనసు మెత్తబడుతుందేమోనని నా ఆశ.

ఓడ అంటే పడవకు పెద్దన్న అనుకున్నాను. చూస్తే అది ఒక ఊరు. ముంబైలో లోపలికి వంతెన లాంటి దాని మీద నుంచి నడిచి వెళ్లాం. సముద్రం కాళ్ల కింద ఎక్కడో ఉంది. పద్మ వంగి వంగి చూసింది. పుట్టి ఎక్కే ముందు నీళ్లు ముట్టి కళ్లకు అద్దుకోవడం వాళ్లింట్లో తప్పనిసరి. "నీళ్లు ముట్టకుండనే ఎక్కినం" అంది. ఆ మాట కూడా నాతో కాదు, తనలో తనే.

మొదటి రెండు రోజులూ మామూలుగానే గడిచాయి. మావాళ్లు ఓడ వాళ్ల భోజనం పక్కన పెట్టి జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూటలు విప్పారు. పద్మ రోజంతా రెయిలింగ్ దగ్గర నిలబడి నీళ్ల వైపు చూసేది.

మూడో రోజు పొద్దున పది గంటలకు ఒక దీవి దగ్గర ఓడ ఆగింది. అక్కడ లోతు తక్కువట, ఒడ్డు దాకా చిన్న పడవల్లో తీసుకెళ్తారు. అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. తలలోంచి తొడుక్కునే రకం. పక్కన ఒక క్లిప్పు, అది కాక నడుము దగ్గర రెండు పొడుగాటి పట్టీలు. క్లిప్పు పెట్టుకుంటే చాలు, పట్టీలు అక్కర్లేదు అని ఓడ మనిషి చెప్పాడు. ఎవరమూ కట్టుకోలేదు.

నేను సంచులు పట్టుకుని ముందు ఎక్కి ముందువైపు కూర్చున్నాను. పద్మ అందరికంటే చివర ఎక్కింది. తెలకపల్లి డీలర్ నరసింహ భార్య అప్పుడు తీసిన ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. అందులో పద్మ పట్టీలు రెండు పక్కలా వేలాడుతున్నాయి. పడవ అంచున ఉన్న బల్ల మీద, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. ఆమె వెనక అంచు తప్ప ఇంకేమీ లేదు. ఎదురుగా నరసింహ కూర్చున్నాడు.

పావుగంట ప్రయాణం. ఒడ్డున పడవలు ఆగే జెట్టీ దగ్గరికి వచ్చి పడవ నెమ్మదించింది. అప్పుడు పద్మ పక్కకు తిరిగి, అంచు మీద నుంచి వంగి నీళ్లు ముట్టుకోబోయింది. ఒక అల వచ్చి పడవను జెట్టీకి కొట్టింది. పద్మ నీళ్లలో పడిపోయింది.

ఎంతసేపో నేను చెప్పలేను. నరసింహ అరుస్తున్నాడు. పడవ మనిషి దూకి జాకెట్ మెడ పట్టుకుని పైకి లాగాడు. జెట్టీ మీద పడుకోబెడితే రెండుసార్లు వాంతి చేసుకుని కళ్లు తెరిచింది. నేను అందరి ముందూ ఏడ్చాను.

జాకెట్ తీయబోతే రాలేదు. పక్కన క్లిప్పు విరిగిపోయి ఉంది. మామూలుగా అయితే జాకెట్ తలలోంచి ఊడి తేలిపోయేది. ఊడకుండా ఆపింది పట్టీలే. అవి వెనక్కి కట్టి ఉన్నాయి. పడవ మనిషి విప్పబోయి, చేతకాక చివరికి కత్తితో కోశాడు. ఆ ముడి నా చేతిలో పెట్టాడు. మూడు చుట్లు, కొసలు లోపలికి.

ఒకసారి నా నడుము మీద ఉన్న ముడి అది. పోల్చుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

మా వెంట వచ్చిన గైడ్‌తో పడవ వాళ్లందరినీ అడిగించాను. తాము ఎవరికీ పట్టీలు కట్టలేదన్నారు. నరసింహను అడిగాను. "నేను ఎదురుంగనే ఉన్న గద అన్నా. ఎవ్వరు రాలె. వదిన ఒక్కతే నవ్వుకుంట కూసుండె, సముద్రం చూసి సంబురపడుతుంది అనుకున్న" అన్నాడు. ఆమె నవ్వి అప్పటికి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు.

మధ్యాహ్నం గదిలో పద్మనే అడిగాను.

"ఎవరో ఎనక నుంచి రెండు కొసలు గుంజిన్రు" అంది. "మోకాలు నడుముకు ఆనింది. మా నాయన గట్లనే బిగిస్తుండె."

"మరి తిరిగి చూడలేదా?"

"చూస్తే ఇడిసిపెడ్తడేమో అనిపించింది. ముడి అయిపోయినంక చూసిన. నీళ్లే ఉన్నయి. అందుకే ఒంగి ముట్టబోయిన."

తర్వాత చాలా ఆలోచించాను. ఆమె తనే కట్టుకుందనుకుందాం. చేతులు వెనక్కి పెట్టి మన వీపుకు మనం ఆ ముడి వేసుకోవడం కుదరదు, ఇంట్లో తలుపేసుకుని ప్రయత్నించాను. ముడే పడకపోతే ఆమె వంగేదే కాదు, పడేదే కాదు అని కూడా అనుకున్నాను. కోసిన పట్టీ ముక్క దుకాణం సొరుగులో ఉంది. దాన్ని చూస్తూ తాడుతో ఎన్నోసార్లు వేసి చూశాను. ఆ ముడి నాకు రాలేదు. దాన్ని విప్పి చూస్తే తెలుస్తుందేమో. విప్పే ధైర్యం చేయలేదు.

మామ సంవత్సరీకం సరిగ్గా విత్తనాల సీజన్లో వచ్చింది. పొద్దున్నే షట్టర్ దించేశాను. రైతులు తిట్టారు, తిట్టనీ. ఏటి ఒడ్డున పద్మ నీళ్లు ముట్టి కళ్లకు అద్దుకుంది. అవతలికి పోయి వద్దామని పుట్టి మాట్లాడాను. ఇప్పుడు పుట్టిలోనూ జాకెట్లే ఇస్తున్నారు. పద్మను అటు తిరగమని, పట్టీలు వెనక్కి తీసి నాకొచ్చిన మామూలు ముడి వేశాను. అప్పుడే ఆమెకు చెప్పాను, "ఆ పొద్దు నిన్ను పంపాల్సి ఉండె పద్మా. తప్పు నాదే."

ఆమె తిరగలేదు. చెయ్యి వెనక్కి పెట్టి ముడి తడిమి చూసుకుంది.

"వదులుగుంది" అంది. "జర గట్టిగ కట్టు."

ఏడాదిలో ఆమె నన్ను అడిగిన మొదటి పని అది. మోకాలు ఆమె నడుముకు ఆనించి బిగించాను.