ఖాళీ ట్యాంకు లెక్క

ఎనభైల మొదట్లో మా సొంతూరు యాడికి దగ్గర ఒక పల్లెకు ఇనుప నీళ్ల ట్యాంకు డిజైన్ చేసింది నేనే. గుండ్రటి గోడ మీద గాలి ఒత్తిడి అంతటా ఒకేలా ఉండదు. ఎదురుగా తగిలేచోట లోపలికి నొక్కుతుంది, పక్కలకు తిరిగేకొద్దీ బయటికి లాగుతుంది. అందుకని గోడను చిన్న చిన్న పలకలుగా విడగొట్టి, ఒక్కో పలకకు దాని కోణాన్ని బట్టి ఒత్తిడి లెక్కగట్టి, బెంగళూరులో కంప్యూటరుకు ఎక్కించేందుకు ఆ అంకెలను అట్టకార్డుల మీద పంచ్ చేయించాను. ఒక్క కోణమూ తప్పలేదు. అప్పటి నా గర్వం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ట్యాంకు కట్టిన ఏడాదే బోరు ఎండిపోయింది. రెండేళ్లు ట్యాంకులోకి చుక్క ఎక్కలేదు. ఆషాఢం గాలికి పడమటి గోడ లోపలికి నొక్కుకుపోయి, పైకప్పు రేకు ఊడి కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, నీళ్లకోసం కింద ఎవరూ నిలబడి లేరు కాబట్టి.

వేరుశనగ సేద్యం చేసే మా నాయన నాతోపాటు చూడటానికి వచ్చాడు.

"ట్యాంకు నిండా నీళ్లుంటాయని లెక్కేసినా నాయనా. నీళ్లుంటే గోడ లోపలికి పోదు. ఖాళీ ట్యాంకుకు లెక్క వేయలేదు" అన్నాను.

నాయన నలిగిన రేకును చేత్తో తడిమాడు.

"నువ్వు పుట్టింది ఈడనే గదప్పా. నీళ్లు నిండింది యాడ జూసినావు?"