చెప్పులేసుకుని స్నానం చేసే ఇల్లు

2018 వేసవి చివర్లో నన్ను నాచారం సెక్షన్‌కు ఏఈగా వేశారు. సబ్ ఇంజనీరుగా చేరిన నాకు అసిస్టెంట్ ఇంజనీరు అయ్యేసరికి తల సగం నెరిసింది కాబట్టి, ఆ కుర్చీ మీద నాకు కొంచెం మమకారం ఉండేది. సెక్షన్ అంటే విద్యుత్ పంపిణీ సంస్థలో అట్టడుగు ఆఫీసు. పైన ఏడీఈ, ఆ పైన డీఈ, ఆ పైన ఎస్ఈ ఉంటారు. కింద జనం ఉంటారు. తిట్లు ఏ వైపు నుంచి వచ్చినా ముందుగా తగిలేది ఏఈకే. ఆడ ఏఈ అయితే "సార్ లేరా మేడం?" అన్న పలకరింపు అదనం.

మా శాఖలో ఒక గీత ఉంది. స్తంభం నుంచి మీటరు దాకా మాది, మీటరు దాటాక వినియోగదారుడిది. ఇంటి లోపలి వైరింగులో ఏం జరిగినా మాకు సంబంధం లేదు. ఇంత హాయైన గీత ఏ శాఖకూ దొరకదు. ఎవరైనా షాకు కొట్టిందని ఫోన్ చేస్తే మా వాళ్లు మొదట అడిగేది మీటరుకు ముందా, తర్వాతా అని. షాకు తిన్న మనిషి అంత కంగారులోనూ మీటరు ఎటువైపు ఉందో చూసుకుని ఉండాలని మా ఆశ.

వానలు మొదలైన కొత్తలో ఎల్లమ్మ అనే పెద్దావిడ ఆఫీసుకు వచ్చింది. జనగామ వైపు మనిషి, కూతురి కాన్పు కోసం వచ్చి ఉంటోంది. అల్లుడు చర్లపల్లిలో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నాచారంలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుంటారు. ఆ వాటాలో కుళాయి ముట్టుకుంటే షాకు కొడుతోందని అల్లుడు రెండుసార్లు ఫిర్యాదు చేశాడు. రెండుసార్లూ మా లైన్‌మన్ యాదగిరి వెళ్లి, మీటరు తర్వాతి వ్యవహారమని తేల్చి వచ్చాడు. ఇంటి ఓనరు మాత్రం ఊరుకోలేదు. 'చెప్పులు వేసుకుని స్నానం చేయవలెను' అని కాగితం మీద రాసి బాత్‌రూమ్ తలుపుకు అంటించారు. పైగా ఒక ప్లాస్టిక్ మగ్గు కూడా ఇచ్చారు. అద్దెవాళ్లు చెప్పులతో స్నానం చేయడం, పొడిగుడ్డ చుట్టి కుళాయి తిప్పడం నేర్చుకున్నారు. మనవాళ్లకు అలవాటు కానిదంటూ ఏదీ లేదు.

కొత్తగా పుట్టిన పిల్లకు మాత్రం ఈ ఏర్పాటు కుదరలేదు. పసిపిల్లకు నీళ్లు పోయాలంటే పెద్దావిడ బాత్‌రూమ్‌లో కింద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకోవాలి.

"చెప్పులేసుకొని పిల్లకు నీళ్లెట్ల పోయాలె బిడ్డా?" అని అడిగింది ఎల్లమ్మ. "మొన్న నల్లా మీద చెయ్యి వెయ్యంగనే గుంజింది. పిల్ల కాళ్ల మీదనే ఉండె. గుక్కపట్టింది. ఉత్త ఏడ్పా, దానికి గూడ కరెంటు కొట్టిందా, నాకు తెల్వలే."

ఆ రోజు నుంచి పిల్లకు తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే. నేను కుర్చీలోంచి లేచాను. మీటరు దాటినంక మనది గాదు మేడం అని యాదగిరి గుర్తుచేశాడు. ఇవాళ దాటుదాం పద అని మల్టీమీటరు తీసుకుని బయల్దేరాను.

ఇంటి ఓనరు మూర్తిగారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతారు. విద్యుత్తు పాఠం ఆయన చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరట. కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, నాకూ కొంత పాఠం చెప్పారు.

"మా వాటాలో ఏ కుళాయి పట్టుకున్నా ఏమీ లేదండీ. వాళ్లకే ఎందుకు కొడుతుంది చెప్పండి? కొంత స్టాటిక్ చార్జి, మిగతాది భయం."

మేడ మీదకు వెళ్లి మల్టీమీటరు ఒక కొసను కుళాయికి, రెండోదాన్ని తడినేలకు ఆనించాను. తొంభై వోల్టులు దాటింది. మల్టీమీటరు భయపడే రకం కాదు.

ఎర్తు గొయ్యి ఎక్కడుందని అడిగాను. ఇంట్లో ఏ వస్తువులోనైనా కరెంటు లీకైతే అది మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవడానికి వేసే దారి అది. గొయ్యి తవ్వి, లోహపు గొట్టం పాతి, బొగ్గూ ఉప్పూ వేసి, అప్పుడప్పుడూ నీళ్లు పోయాలి. మూర్తిగారు నైరుతి మూల చూపించారు. అక్కడ గ్రానైటు పరిచి, దాని మీద పెద్ద రుబ్బురోలు పెట్టి ఉంది. నైరుతిలో గొయ్యి ఉంటే యజమానికి అరిష్టమని, అక్కడ బరువుండాలని వాస్తు పండితుడు చెప్పాడట. అద్దెవాళ్ల అరిష్టం గురించి శాస్త్రం ఏమంటుందో ఆయన అడగలేదు.

గొయ్యి పూడ్చాక ఎర్తు తీగను ఏం చేశారు? ఎలక్ట్రీషియన్ దాన్ని ఇనుప నీళ్ల పైపుకు చుట్టేశాడు. పైపు ఎలాగూ భూమిలోకే పోతుంది కదా అన్నాడట. తర్వాత కింది పైపులు తుప్పుపట్టాయి. మూర్తిగారు తన వాటాలోనూ నేలలోనూ ప్లాస్టిక్ పైపులు వేయించుకున్నారు. అద్దె వాటా గోడల్లో ఇనుపవే ఉంచేశారు. మీటర్లు వేరైనా ఎర్తు తీగ ఇంటికంతా ఒకటే. అంటే ఆ ఇంట్లో ఏది లీకైనా కరెంటు నేలకు చేరదు, నేరుగా మేడ మీది కుళాయిల్లోకి పోతుంది.

లీకయ్యేది ఏమిటో కనిపెట్టడం కష్టం కాలేదు. యాదగిరిని పైన మల్టీమీటరు దగ్గర ఉంచి, కింద మూర్తిగారి గీజరు ప్లగ్గు తీశాను. పైన సున్నా అయింది. పెట్టాను, మళ్లీ తొంభై. మూర్తిగారు ఇంకోసారి చేయించి, స్వయంగా పైకి వెళ్లి చూసుకుని వచ్చారు. ప్రయోగమంటే ఆయనకు అంత గౌరవం.

ఇలాంటి లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే ట్రిప్ స్విచ్ ఒకటి ఉంటుంది. ఇంట్లోకి పోయిన కరెంటు అంతా తిరిగి రాకపోతే, అంటే కొంత ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతుంటే, అది రెప్పపాటులో పడిపోతుంది. మీకు అది లేదా అని అడిగాను. మూర్తిగారి గొంతులో ఫిర్యాదు ధ్వనించింది.

"ఉండేదండీ, మంచి కంపెనీదే. పైన వాళ్లు స్నానానికి వెళితే చాలు, మా ఇంట్లో కరెంటు పోయేది. టీవీ చూడనిచ్చేది కాదు. డిఫెక్టివ్ పీసని తీయించేశాను."

మెట్ల మీద నిలబడి ఎల్లమ్మ అంతా వింటోంది. "అంటే మేడం, మేం సావకుంట అది ఆపినప్పుడల్లా, టీవీ బందైందని సారు దాన్ని తిట్టిండన్నట్టు" అంది. గొంతు పెంచలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. రాస్తుంటే ఇప్పుడూ మండుతోంది.

గీజరు ఆపేస్తాననీ, గొయ్యి మాత్రం శ్రావణం వచ్చాక చూద్దామనీ అన్నారు మూర్తిగారు. ఆషాఢంలో తవ్వకూడదట. ఈలోగా లీకేజీ కూడా ఆషాఢం పాటిస్తుందని ఆయన నమ్మకం. ప్రాణాపాయం కనిపిస్తే ముందు సరఫరా తీసేసి తర్వాత పైకి తెలపవచ్చని మాకు నిబంధన ఉంది. ఆయన మీటరుకు వచ్చే సర్వీసు తీగ స్తంభం దగ్గరే విప్పేయమని యాదగిరికి చెప్పాను. మా డీఈ మూర్తిగారి పాత శిష్యుడని అప్పుడు తెలిసింది. పావుగంటలో డీఈ గారి ఫోను. కాస్త ప్రాక్టికల్‌గా ఉండండి మేడం అన్నారు. తిరిగి కలపమని రాతలో ఆదేశమిస్తే వెంటనే కలుపుతానన్నాను. అంతే, ఆయన ఫోనుకు సిగ్నలు పోయింది.

సాయంత్రం మూర్తిగారు ఫ్యాను తిరగని హాల్లోకి వాస్తు పండితుణ్ని పిలిపించారు. ఎర్తు గొయ్యిలో నీళ్లు పోస్తామని, ఎప్పుడూ తడిగా ఉంచుతామని ఆయనకు చెప్పాను. పండితుడు చెమట తుడుచుకుంటూ ఆలోచించాడు. నీళ్లుండే గొయ్యి అయితే ఈశాన్యంలో మహా శుభమని, జలకార్యానికి ఆషాఢం అడ్డురాదని తేల్చాడు. శాస్త్రం అంత వేగంగా ముందుకు పోవడం నా సర్వీసులో మరెప్పుడూ చూడలేదు.

మర్నాడు ఈశాన్యంలో గొయ్యి తవ్వారు. నీళ్ల పైపుకు చుట్టిన ఎర్తు తీగను విప్పించి గొయ్యికి కలిపించాను. గీజరు మార్చారు, కొత్త ట్రిప్ స్విచ్ పెట్టారు. సర్వీసు కలిపాక పైన కొలిచి చూస్తే సున్నా. ఆ మాటే ఎల్లమ్మకు చెప్పాను. ఆమె నా మల్టీమీటరును నమ్మలేదు. చెప్పులు విడిచి, కాళ్లు తడుపుకుని, తడి చేతులు రెండూ కుళాయికి చుట్టి కళ్లు మూసుకుని నిలబడింది. కూతురు పిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆపుదామని నేను అడుగు వేసేలోపు ఎల్లమ్మ కళ్లు తెరిచింది. కింద కూర్చుని కాళ్లు చాపింది.

"ఇగ పిల్లను తే" అంది.

మీటరు గీత దాటినందుకు నాకు మెమో వచ్చింది, జవాబు రాశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. షాకు కొడుతోందని ఫిర్యాదు వస్తే, మొదట ఆ ఇంట్లో షాకు కొట్టని వాటాకు వెళ్లేదాన్ని. వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి, తమకేమీ ఇబ్బంది లేదని చెప్పేవాళ్లు. నేను లేచి వెళ్లి వాళ్ల గీజరు ప్లగ్గు తీసేదాన్ని.