పదిమంది గంజుతో బోధన్ దాకా

అన్నదమ్ములం కలిసున్నప్పుడు నా భార్య కమల పదిమందికి అన్నం వండిన సిల్వర్ గంజు అది, అంటే పెద్ద అల్యూమినియం గిన్నె. తర్వాత వేరుపడ్డాం. కమల పోయి రెండేళ్లయింది. నేనొక్కణ్ణే నిజామాబాద్ ఇంట్లో అదే గంజు అడుగున గుప్పెడు బియ్యం ఉడికించుకుంటున్నాను, రోజూ మాడ్చుకుంటున్నాను. పాత సిల్వర్ కరిగించి కొత్త సామాను పోసే బట్టీ బోధన్‌లో ఉందని విని, కమల గంజునే చిన్నది చేయించుకుందామని బయలుదేరాను. ముందురోజు చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాను కూడా.

పొద్దున ఎనిమిదికి బస్సెక్కితే బోధన్ గంట ప్రయాణం, టికెట్టు యాభై లోపే. దారి పొడవునా వరి, అక్కడక్కడా చెరుకు. పక్కసీట్లో గంజు కూర్చుంది, కబుర్లు చెప్పదు గానీ చోటు మాత్రం బాగా ఆక్రమించింది. దిగాక బట్టీకి ఆటోలో ముప్పై రూపాయలు.

బట్టీ నడిపే గంగాధర్ గంజును తిప్పి చూసి నవ్వాడు. “ఏందన్నా, కరగవోసేదాన్ని గింత తెల్లగ తోముకొస్తివి?”

“దీన్నే చిన్నగ చేసియ్యి తమ్మీ, వండుకుంట.”

“గట్ల కాదన్నా. నీదొక్కదానికే బట్టీ ముట్టియ్యరాదు. పాత ఇంజన్ ముక్కలు, కిటికీ పట్టీలు అన్నీ కలుస్తయ్. అండ్ల ఏమేం ఉంటదో ఎవలకెరుక? తినే గిన్నెలు నేను పొయ్య. మోటర్ పుల్లీలు పోస్త. ఇస్తవా, తీస్కపోతవా?”

గంజును దగ్గరికి లాక్కున్నాను. అతనే మళ్లీ నెమ్మదిగా అన్నాడు. “మట్టిలకెల్లి కొత్తది తియ్యాలంటే మస్తు కరెంటు గావాలె. గిది జరంత మంటకే కరుగుతది. ఎన్నిసార్లు కరగవోసినా పనికొస్తది. ఇంట్ల పెట్టుకుంటే ఎవలకు ఫాయిదా?”

ఇచ్చేశాను. సమ్మెటతో నలగ్గొట్టి మూసలో వేశాడు. చూస్తుండగానే అది కుంగి, ఎవరిదో ఇంజన్ మూతతో కలిసిపోయింది. అందులో ఏది కమలదో కాసేపు వెతికాను. ఏడుపొచ్చింది. పొగ అనుకున్నాడేమో, గంగాధర్ పక్కకు జరగమన్నాడు.

మధ్యాహ్నం బజారులో గిన్నెల కొట్టుకు వెళ్లాను. “ఎంతమందికి అన్నా?” అని అడిగింది కొట్టు ఆమె. “ఒక్కనికే” అన్నాను. రెండేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

భూమిని కొత్తగా తవ్వే పని కొంతైనా తప్పింది, ఏ రైతు మోటరుకో పుల్లీ వచ్చింది. మంచి పనే చేశానని తెలుసు, అయినా దిగులు తగ్గలేదు. మీరూ వెళ్తుంటే ఒక్కటే చెప్తాను. బట్టీకిచ్చిన గంజు మళ్లీ పొయ్యి మీదికి రాదు. ఇచ్చే ముందు దాన్నిండా ఒకసారి అన్నం వండి, వేరుపడ్డవాళ్లనైనా సరే, భోజనానికి పిలవండి. నేనా పని చేయలేదు.