పొలిమేర కిటికీ

"ఇంత పెద్ద తలుపుంది కదమ్మా! మనుషుల్లా అందులోంచి రండి!"

"తలుపు పొలిమేర మీద లేదు. కిటికీ ఉంది. నన్నేం చెయ్యమంటావు, గోడ జరపమంటావా?"

లోపల పార్జిటర్ గారు, బయట డోర్కస్ అవ్వ. నడుమ పాదిరిగారి పాతింటి కొట్టుగది కిటికీ. దాన్ని మేకులేసి బిగించమని ఆయన పిలిపించిన వడ్రంగిని నేను. సుత్తి చేతిలోనే ఉండిపోయింది.

మా హార్న్‌కోట్‌ ఊళ్ళో ఏటా క్రీస్తు ఆరోహణ పండుగనాడు జనం బెత్తాలు పట్టుకుని, హద్దురాళ్ళను కొడుతూ చర్చి పొలిమేర చుట్టి వస్తారు. ఏ కాలపు పాదిరో ఇల్లు పెంచుకుంటూ పోయి హద్దు మీదే కట్టేశాడు. అప్పట్నుంచీ నడకకు ముందుండే మనిషి ఆ కిటికీలో దూరాల్సిందే. దూరకపోతే హద్దు తెగినట్టే. చర్చివాళ్ళు ఇల్లు అమ్మేశాక కూడా ఎవరూ అడ్డు చెప్పలేదు. కిందటి చలికాలం లండన్ నుంచి వచ్చి ఆ ఇంట్లో దిగిన పార్జిటర్ గారికి మాత్రం కిటికీ అంటే చలిగాలి, అంతే. ఆ రోజు ఆ పండుగే, అవ్వ వెనక బెత్తాలతో ఊరి జనం.

అవ్వ శనివారం సంతలో చీజ్ అమ్ముతుంది. మొగుడు సైలస్ పోయాక నడకకు తనే ముందు. సంతవీధిలో ఎవరు పాత తలుపుకు రంగు మార్చినా మీదపడి కరిచేది. "మనం కట్టామా? కట్టనిదాన్ని కదపకూడదు" అనేది. సగం ఊరికి ఆమెంటే హడల్, నాతో సహా.

"ఇది నా ఇల్లండీ!" అన్నాడు పార్జిటర్.

"ఇల్లు నీదే నాయనా. పొలిమేర మాది."

జనం ఘొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే అవ్వ పీటెక్కి, బెత్తం లోపలికి విసిరి, తల దూర్చింది. భుజాలు పట్టాయి. నడుం పట్టలేదు.

"అవ్వా, మిగిలిన చీజంతా నువ్వే తింటున్నావా?" వెనక నుంచి కసాయి బెర్ట్.

"నోర్ముయ్, బెర్ట్! తొయ్యి!"

బెర్ట్ తోశాడు. వేరే దారి లేక పార్జిటర్ ఆమె రెండు చేతులూ పట్టుకు లాగాడు. ఇద్దరూ వెళ్ళి పిండి బస్తా మీద పడ్డారు. మనిషి కనుబొమలతో సహా తెల్లబడిపోయాడు. తిడతాడనుకున్నాను. కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత ఒక్కొక్కరికీ చెయ్యందించి లోపలికి దింపింది ఆయనే. టీ కూడా ఆయనే కాచాడు.

"మేకులొద్దులేవోయ్," అన్నాడు నాతో. "ఓ మందపాటి తెర కట్టు, చాలు."

అందరూ టీ కప్పుల దగ్గర గోలగా ఉంటే అవ్వ నన్ను కిటికీ పక్కకు లాగింది. నడుం రుద్దుకుంటూ అటూ ఇటూ చూసింది.

"అబ్బాయ్, సామాన్లు తెచ్చావుగా? ఆ చట్రం లోపలి అంచు కాస్త చెక్కి వెడల్పు చెయ్. రెండు వేళ్ళంత చాలు. వచ్చే ఏడు కూడా నేనే దూరాలి. ఎవరికీ చెప్పకు, నీకు పుణ్యముంటుంది."