కోరికల పేజీలో మా అపార్ట్‌మెంట్

రెండేళ్ల క్రితం నేను చేసిన ఒక తెలివైన పనికి నా ఉద్యోగం గుమ్మం దాకా వెళ్లి చెప్పులు కూడా వేసుకుంది. మీరు నవ్వండి, ఫర్వాలేదు. నాకు మాత్రం అప్పుడు జ్వరం వచ్చింది.

మా కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. యాప్ కట్టకముందే దాని తెరలు గీసి, నొక్కి చూసుకునే నమూనాలు అందులో చేసుకోవచ్చు. పాప పుట్టాక సెలవు ముగించుకొని అప్పుడే మళ్లీ చేరాను. ఇంటి నుంచే పని, అదీ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే. ఏడాది నిండిన మా చిన్నికి బొమ్మల కన్నా నా కీబోర్డే ఇష్టం. పాలు కలిపి తెచ్చేసరికి మూడు రోజుల నమూనాను దోసెల పిండిలా కలిపేసేది. అందుకే సాఫ్ట్‌వేర్‌లో ఒక తాళం బటన్ కావాలన్నాను. నొక్కితే తెర మీద ఏదీ కదలకూడదు. అది రాకపోతే నా పని సాగదు, పని సాగకపోతే ఉద్యోగం ఉండదు.

"మనమే అడిగి మనమే చేసుకుంటే ఎలాగండీ?" అన్నారు మేనేజరు రఘు గారు. "మన సైటులో కోరికల పేజీ ఉంది కదా, అందులో యూజర్లు అడగాలి, ఓట్లు పడాలి."

యూజర్లకేం కొదవ! వర్తూరులో మా అపార్ట్‌మెంట్ తల్లుల వాట్సాప్ గ్రూపులో ఎనభై మంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ ఆ సాఫ్ట్‌వేర్ మొహం చూడలేదన్నది నాకు చిన్న విషయంగా తోచింది. తాళం కోరిక రాసి, లింకు గ్రూపులో పెట్టాను. "దీనికి ఓటు వేయండి. అనుమానం రాకుండా మీ ఇబ్బందులు కూడా ఒకటో రెండో రాయండి. పెద్దవాళ్లు చదువుతారు."

మర్నాడు లిఫ్ట్‌లో మూడో అంతస్తు లక్ష్మక్క కనిపించింది. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే.

"సుమా, నేనూ రాసిండాను."

"ఏం రాశారక్కా?"

"నీళ్ల ట్యాంకరు సంగతి. ఆరుకి రావాల్సింది తొమ్మిదికి వస్తా ఉండాది గదా."

"అక్కా! అది యాప్‌ల పేజీ!"

"ఏ పేజీ అయితే ఏమప్పా? పెద్దోళ్లు సదువుతారని నువ్వే రాసినావు. అందరి చేతా ఓట్లు గూడా ఏపించినా."

పరుగున వచ్చి పేజీ తెరిచాను. 'లిఫ్ట్ తలుపు రెండుసార్లు తంతే గాని మూసుకోవడం లేదు.' 'పై అంతస్తు పిల్లలు మధ్యాహ్నం గెంతకుండా చూడగలరు.' అన్నిటికన్నా పైన, మకుటం లేని మహారాజులా ట్యాంకరు. అట్టడుగున నా తాళం, ఒకే ఒక్క ఓటుతో. అది మా ఆయనది. అదీ పొరపాటున నొక్కాడట.

అంతలో ఫోను. రఘు గారు.

"సుమ గారూ, ఆ లిఫ్ట్ తలుపు అంటే మన మెనూయేనని, యూజర్ ఏదో పోలికతో చెబుతున్నాడని సేల్స్ వాళ్లు పొద్దుటి నుంచీ మీటింగ్‌లో ఉన్నారు. మీకేమైనా తెలుసా?"

అంతా కక్కేశాను. ఆయన నోరు తెరిచేలోగా నేను మనసులోనే రాజీనామా రాసేసి, చిన్నిని ఎత్తుకొని పుట్టింటి బస్సు కూడా ఎక్కేశాను.

"తాళం బటన్ చేద్దాం," అన్నారు చివరికి. "ఇంత దూరం వెళ్లారంటే మీ అవసరం నిజమే. ఆ చెత్తంతా సాయంత్రానికల్లా తీసేయండి."

"అలాగే సర్! ముందు ఆ ట్యాంకరుది..."

"అది ఉంచండి."

"సర్?"

"నేనూ వర్తూరేనండీ. ఓటు వేశాను."

కావున పాఠకులారా, ఇదే నా శపథం. పిల్ల మీద ఒట్టు వేయడానికి భయం కాబట్టి ల్యాప్‌టాప్ మీద వేస్తున్నాను: ఈ జన్మలో ఏ అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ, ఎవరినీ, మీ ఇబ్బందులేమిటని అడగను.