కంటిమట్టం మేస్త్రి

పనిలో అందరూ ఆయన్ని కంటిమట్టం మేస్త్రి అనేవాళ్లు. రసమట్టం తెచ్చేలోపే ఒక కన్ను మూసి, "ఎడం పక్క నూలుపోగంత దిగింది" అనేసేవాడు. తెచ్చి చూస్తే దిగే ఉండేది. ఇటుక పని మొదలుపెట్టి ముప్ఫయ్యేళ్లు. భార్య కూడా ఒకప్పుడు ఆయన వెనకాలే సిమెంటు మాలు తట్టలు మోసింది. నడుం పట్టేశాక ఇంటిపట్టున ఉండిపోయింది.

ఆస్పత్రి కడుతున్న చోట ఒక పొద్దున లారీలోంచి యంత్రం దిగింది. పట్టాల మీద నడిచే పొడుగాటి ఇనప చెయ్యి. దాంతోపాటే ఒక ఇంజనీరమ్మ వచ్చింది. మేస్త్రి చేతికి తీగలున్న తొడుగు వేసి, "రోజూ ఎలా కడతారో అలాగే కట్టండి" అంది. మూడు వారాలు కట్టాడు. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని చూసింది.

"ఇటుక పెట్టాక తాపీ పిడితో రెండుసార్లు తడుతున్నారు. ఒక్కోసారి మూడు. ఆ మూడోది ఎప్పుడండీ?"

మేస్త్రి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఏమోనమ్మా. మాలు బిగుసుకున్నట్టుంటే చెయ్యే తడుతుంది."

ఆమె రాసుకుంది.

నెల తిరిగేసరికి యంత్రం గోడలు లేపడం మొదలుపెట్టింది. ఎనిమిదిమంది మేస్త్రీలను రావద్దన్నారు. వాళ్లలో ఆయన బావమరిది ఒకడు. ఈయన్ని మాత్రం ఉంచారు. యంత్రం వెనకాలే నడుస్తూ సందుల్లోంచి పొంగిన మాలు గీకడం ఇప్పుడు ఆయన పని.

బావమరిది ఒక సాయంత్రం ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"దానికి నేర్పింది నువ్వేనటగా బావా."

"నేనే."

"చెప్పనంటే పోయేదిగా."

"నేనేం చెప్పలేదురా. నా పాటికి నేను కట్టుకుంటుంటే అది చూసింది."

బావమరిది నవ్వబోయి ఆగిపోయాడు. అక్క అన్నం పెడితే తిని వెళ్లాడు. తర్వాత టైల్స్ పనిలో కుదురుకున్నాడు.

ఆస్పత్రి ముందు గోడని యంత్రం అలలుగా కట్టింది. ఒక్కో ఇటుకా కింది దానికంటే వెంట్రుకవాసి పక్కకి తిరిగి, గోడంతా గాలికి ఊగే దుప్పటిలా వచ్చింది. దారం లాగి కట్టే గోడ కాదది. మేస్త్రి అలవాటుగా కన్ను మూసి చూశాడు. ఎక్కడా దిగలేదు. మళ్లీ గీకుడు మొదలెట్టాడు.

ఆయన మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి ఆ మధ్యాహ్నం భార్య వచ్చింది. కాసేపు యంత్రాన్నే చూస్తూ నిలబడింది.

"చూడు, మూడోసారి తట్టింది. అచ్చం నువ్వే."

"ఊఁ."

"నీకేమీ అనిపించట్లేదా?"

తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు, ఆయన లోపల వెతుక్కున్నాడు. "ఏదో ఒకటి అనిపించాలనే నేనూ చూస్తున్నా. రావట్లేదు."

ఆమె ఇటుకల దొంతి మీద క్యారేజీ విప్పింది. "చల్లారిపోతుంది, తిను."

వానలకి బావమరిది ఇంటి వెనక గోడ కూలింది. కబురందితే ఆదివారం మేస్త్రి వెళ్లాడు. బావమరిది మాలు కలిపి అందించాడు, ఈయన కట్టాడు. మొదటి రెండు వరసలు చెయ్యి తడబడింది, ఆ తర్వాత దారిన పడింది. పొద్దుగూకే వేళకి గోడ భుజాల దాకా లేచింది.

"చెయ్యి పోలేదు బావా నీకు."

"పోలేదు."

గోడ బాగానే వచ్చిందని ఆయనకీ తెలుసు. సంతోషమైతే కలగలేదు, దిగులూ లేదు. తాపీ కడిగి, కాళ్లు కడుక్కుని, బావమరిది భార్య ఇచ్చిన టీ తాగి ఇంటికొచ్చాడు.

ఆస్పత్రి పూర్తయింది. తర్వాతి కట్టడానికి రెండు యంత్రాలు తెస్తున్నామనీ, కొత్తగా వచ్చే గీకేవాళ్లకి ఆయనే పని నేర్పాలనీ ఇంజనీరమ్మ ఫోన్ చేసింది.

"ఎన్నింటికి రమ్మంటారమ్మా?" అన్నాడు మేస్త్రి.