అడుగు నుంచి తీసిన మచ్చు

కరోనా తర్వాత కాలేజీలు మామూలుగా తెరుచుకున్న మొదటి వేసవిలో నన్ను గుంటూరు ఎడిషన్‌లో విద్య పేజీ ఇన్‌చార్జిగా వేశారు. హోదా సీనియర్ సబ్‌ఎడిటర్. సబ్‌ఎడిటర్ వార్త కోసం బయట తిరగడు. విలేఖరులు పంపింది సరిచూసి, కత్తిరించి, శీర్షిక పెట్టి పేజీకి ఎక్కిస్తాడు. విద్య పేజీలో దానికి తోడు పట్టికలు తయారుచేసే పని కూడా ఉండేది.

ఆ మే నెలలో ‘పక్క రాష్ట్రాల్లో చదువు’ అని ఒక పట్టిక ఇచ్చాం. మన ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ సరిహద్దు దాటితే వర్తించదు. బయటికి వెళ్లే పిల్లలు అక్కడి కాలేజీలిచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ మీదే ఎక్కువగా ఆధారపడాలి. కాలేజీ పేరు, ట్యూషన్ ఫీజు, స్కాలర్‌షిప్ శాతం, మొత్తం మూడు నిలువు వరుసలు. బ్రోషర్లు చూసి నింపాను, ప్రూఫు రెండుసార్లు చదివాను. ఒక్క అంకె తప్పు పోలేదు.

మూడు వారాలకు మస్తాన్‌వలీ గారు కూతురు రిజ్వానాతో ఆఫీసుకొచ్చారు. ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా. రైతులు తెచ్చిన బస్తాల నాణ్యత చూసి రేటు కట్టడం ఆయన పని. రిజ్వానా ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుంది. చిలకలూరిపేటలో మేనమామ పనిచేసే నూలు మిల్లులో సెలవులన్నీ గడిపిన పిల్ల కావడంతో టెక్స్‌టైల్ ఇంజినీరింగే చదువుతానని పట్టుబట్టింది. మా పట్టిక చూసే కోయంబత్తూరు కాలేజీ ఒకదానికి దరఖాస్తు పెట్టింది. సీటిస్తున్నామని, సగం ఫీజు రాయితీ అని ఉత్తరం వచ్చింది. సోమవారంలోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుంది.

మస్తాన్‌వలీ గారు జేబులోంచి మా పేజీ మడత విప్పారు. “సార్, ఈ సగం నాలుగేళ్లూ ఇస్తారా?”

ఇస్తారనే చెప్పాను. ఇవ్వరని బ్రోషరులో ఎక్కడా లేదు, నాకున్న ఆధారం అంతే.

“ఉత్తరం చదివితే మాకూ అట్టాగే అనిపించిందండీ. కానీ యార్డులో మేం పైకాయ చూసి రేటు కట్టం. పైన నిగనిగలాడే కాయ పోసి, అడుగున పాలిపోయిన తాలుకాయ నింపేవాళ్లుంటారు. మోచేతి దాకా చెయ్యి దించి అడుగు నుంచి మచ్చు తీస్తాం. ఈ కాయితానికి అడుగెక్కడో చెప్పండి.”

“నాన్నా, కాలేజీవాళ్లను పట్టుకుని తాలుకాయంటావేంటి!”

“అన్లేదమ్మా. చెయ్యి పెట్టి చూద్దామంటున్నా.”

ఆయన అనుమానం తీరుద్దామని కాలేజీ అడ్మిషన్ల అధికారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. ఆ అధికారి మర్యాదగానే చెప్పారు. సగం రాయితీ మొదటి ఏడాదికే, రెండో ఏడాది నుంచి పూర్తి ఫీజు. రిజ్వానా తల దించుకుంది. ఆ ఫీజు వాళ్ల ఇంట్లో అయ్యే పని కాదు.

మస్తాన్‌వలీ గారు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “ఒక్క ఏడు పెద్ద రేటు మాకొద్దు. తక్కువైనా నాలుగేళ్లు నిలిచే రేటుందేమో అడగండి సార్.”

అచ్చయిన ఫీజు మీద బేరమేమిటని నాకు మొహమాటంగా ఉంది. అయినా అడిగాను. ఆ అధికారి, రాయితీలను సమీక్షించే కమిటీ ఒకటి ఉందన్నారు. మార్కుల మెమో, ఆదాయ ధ్రువపత్రం, ఒక విన్నపం శుక్రవారంలోగా పంపితే చూస్తారట. ఇది బ్రోషరులో లేదు. కొన్నేళ్లుగా బ్రోషర్లు చదువుతున్న నాకూ తెలియదు.

రిజ్వానా అక్కడే కూర్చుని రెండు పేజీల విన్నపం రాసింది. మొదటి పేజీ అంతా కాలేజీని పొగడటమే. నాకు తెలిసిన పని నేను చేశాను. అడగదలచింది మొదటి వాక్యంలోకి తెచ్చి, మొత్తం ఎనిమిది పంక్తులకు కోశాను. చివర్లో ‘ఇదే మా ఆఖరి మాట’ అని కలపమన్నారు మస్తాన్‌వలీ గారు.

“అట్లా రాస్తే బస్తా మూతి కట్టుకుని వెళ్లమంటారండీ,” అన్నాను. నవ్వేసి ఊరుకున్నారు.

శనివారం సాయంత్రం జవాబు వచ్చింది. ఏటా ఫీజులో మూడో వంతు రాయితీ, నాలుగేళ్లూ. మార్కులు తగ్గకూడదన్నది షరతు. “అది నేను చూసుకుంటా, నువ్వు దానడుగున చెయ్యి పెట్టకు,” అందట రిజ్వానా తండ్రితో. సోమవారం మధ్యాహ్నం ఫీజు కట్టారు.

పత్రికలో తప్పు పడితే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో సవరణ వేస్తాం. అది వేయాలని అడిగితే మా ఎడిషన్ ఇన్‌చార్జి, అంకెలన్నీ సరిగానే ఉన్నప్పుడు దేన్ని సవరిస్తారన్నారు. ఆ మాటా నిజమే. అందుకని పట్టికనే మళ్లీ వేశాం, ఇంకో రెండు వరుసలు కలిపి: రాయితీ ఎన్నేళ్లు, ఏ షరతు మీద.

రాయితీ ఎంత అన్నది ఆ వార్తలో సగమేనని, మిగతా సగం ఎవరైనా అడిగితేనే బయటికొస్తుందని ఆ వారం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంత కాలం, సమాధానం దొరకని గడిని ఖాళీగా వదల్లేదు. ‘కాలేజీ చెప్పలేదు’ అని వేయించేవాణ్ని. మర్నాడు పది గంటలకల్లా కాలేజీలవాళ్లే ఫోన్ చేసి చెప్పేవాళ్లు.